ఒంటి చక్రం, చివరి దూరం

పెనుకొండ దాటాక టీ తాగడానికి ఆగాను. కొట్టతను ముందు నా సైకిల్ని చూశాడు, తర్వాత దాని వెనక తగిలించిన ఒంటిచక్రపు బండిని చూశాడు, ఆఖర్న నన్ను చూసి అడిగాడు: "ఏం అమ్ముతాండావన్నా?"

ఏమీ అమ్మడం లేదన్నాను. బట్టలు, చిన్న గుడారం, నీళ్ళు, కాస్త తిండి, అంతే.

"మరి యాడికి పోతాండావు?"

గుత్తికి.

"గుత్తిలో ఏం పని?"

పనేం లేదు, ఊరికే. అతనికి ఆ "ఊరికే" నచ్చినట్టు లేదు. పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మాత్రం "సైకిల్ గుర్తోళ్ళేమోలే. ఎలక్షన్లు కూడా లేవే ఇప్పుడు!" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. టీ డబ్బులు ఇచ్చి బయల్దేరాను.

బెంగళూరు నుంచి లేపాక్షి, పెనుకొండ, అనంతపురం మీదుగా గుత్తి దాకా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు నార్పల వైపున్న మా అవ్వ ఊరు చూసుకుని రావాలని బయల్దేరిన నాలుగు రోజుల ప్రయాణం అది. ఆ నాలుగు రోజుల్లో ఎవరు ఆపినా మొదటి ప్రశ్న అదే. ఏం అమ్ముతున్నావు? మొదటి రోజు నవ్వొచ్చింది. రెండో రోజు విసుగొచ్చింది. మూడో రోజుకి, ఇది నా గురించి అడుగుతున్న ప్రశ్న కాదేమో, ఈ నేల తన చరిత్ర నుంచి అడుగుతున్న ప్రశ్నేమో అనిపించడం మొదలైంది. ఇక్కడ సైకిల్ వెనక బరువు కట్టుంటే దానికి రెండే కారణాలు. అమ్మడానికి సరుకు, లేకపోతే ఇంటికి నీళ్ళు. మూడో కారణం ఈ రోడ్డు ఎప్పుడూ చూడలేదు.

*

ముందు ఆ బండి గురించి చెప్పాలి. సైకిల్ మీద దూర ప్రయాణాలు చేసేవాళ్ళు మామూలుగా వెనక చక్రానికి రెండు పక్కలా సంచులు వేలాడదీస్తారు. బరువంతా వెనక చక్రం మీద పడుతుంది, స్పోకులు తెగుతాయి. దానికి విరుగుడుగా 1990లలో కాలిఫోర్నియాలో ఒక చిన్న కంపెనీ ఒంటిచక్రపు ట్రెయిలర్ ఒకటి తయారుచేసింది. కంపెనీ పేరు బాబ్. 'బరువు మోసే పశువు' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు అవి. బాగా పేరొచ్చిన మోడల్ పేరు యాక్, అంటే జడల బర్రె. ఎద్దుబళ్ళు ఎప్పుడో మానేసిన దేశం తన చక్రానికి మళ్ళీ పశువు పేరే పెట్టుకుందన్నమాట.

నాది బాబ్ కాదు. దాని ఫొటోలు, కొలతలు ముందు పెట్టుకుని బెంగళూరులో ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నాను. పొడుగాటి ఇనప చట్రం, దాని చివర పిల్లల సైకిల్ది పదహారంగుళాల చక్రం, ముందువైపు పంగలకర్రలా చీలిన రెండు చేతులు. ఆ రెండు చేతులూ సైకిల్ వెనక చక్రం ఇరుసుకి రెండు పక్కలా తగులుకుంటాయి. చేతులు చట్రాన్ని కలిసే చోట నిలువుగా ఒక కీలు. ఆ కీలు వల్ల సైకిల్ ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. సైకిల్ ఒరిగితే బండీ ఒరుగుతుంది. రెండు చక్రాల ట్రెయిలర్‌కి ఈ గుణం లేదు. దానికి వెడల్పు కావాలి, రోడ్డు కావాలి. ఒంటిచక్రానికి కాలిబాట చాలు, ముందు చక్రాలు పోయిన జాడలోనే అదీ పోతుంది.

ఇంజనీరింగ్‌లో మొదటి సంవత్సరం చదివిన లెక్కే ఇది. ఇరవై కిలోల సామాను ఇరుసుకీ ట్రెయిలర్ చక్రానికీ సరిగ్గా మధ్యలో ఉంటే, పది కిలోలు సైకిల్ మోస్తుంది, పది కిలోలు చిన్నచక్రం మోస్తుంది. సామాన్ని వెనక్కి జరిపేకొద్దీ సైకిల్ వాటా తగ్గుతుంది కానీ బండి తోక ఆడించడం మొదలుపెడుతుంది. పల్లంలో వేగం పెరిగినప్పుడు ఆ ఊపు సైకిల్‌నే పడేయగలదు. అందుకని బరువు కిందికి ఉండాలి, మరీ వెనక్కి ఉండకూడదు. బాబ్ వాళ్ళు డెబ్భై పౌన్లు, అంటే 32 కిలోల దాకా పెట్టొచ్చన్నారు. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పని ఉంది.

ఇంతకీ బరువు మాయం కాలేదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగింది, అంతే. బరువుల చరిత్ర అంతా ఈ జరగడమేనేమో.

*

తెలుగులో యాత్రా రచన అనగానే గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, కడప మీదుగా, హైదరాబాదు మీదుగా కాశీ వెళ్ళి 1831లో తిరిగొచ్చాడు. నాకు చాలా ఇష్టమైన పుస్తకం. దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, ఏ నది ఎలా దాటాలో ఆయన రాసినంత శ్రద్ధగా ఇప్పటి ట్రావెల్ బ్లాగర్లు కూడా రాయరు. అయితే ఆ ప్రయాణంలో ఆయన పల్లకీలో కూర్చున్నాడు, బోయీలు మోశారు. పెద్ద పరివారంతో, బండ్లతో, గుడారాలతో సాగిన యాత్ర అది. యాత్ర చేసినవాడి పేరు మనకి తెలుసు. మోసినవాళ్ళ భుజాల మీద ఎంత బరువు పడిందో, ఎవరు మారి ఎవరు పట్టుకున్నారో, అది వేరే పుస్తకం అవుతుంది. ఆ పుస్తకం ఎవరూ రాయలేదు.

ఆయన తప్పని కాదు. అప్పటి ప్రయాణమే అది. ప్రయాణం చేసేవాడూ, మోసేవాడూ వేరు వేరు మనుషులు. నా బరువు నేనే లాక్కుంటూ, పనేం లేకుండా, ఊరికే పోవడం అనేది చాలా కొత్త ఆలోచన. అది కూడా ఇక్కడిది కాదు. ఫ్రాన్సులో 1936లో కార్మికులకి ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు ఇస్తూ చట్టం వచ్చింది. అప్పటిదాకా పండగలు తప్ప సెలవంటే ఏమిటో ఎరగని ఫ్యాక్టరీ కూలీలు సైకిళ్ళకీ, జంట సైకిళ్ళకీ గుడారాలు కట్టుకుని సముద్రం చూడ్డానికి పోయారు. ఆ తర్వాత యుద్ధకాలంలో, జర్మన్ల ఆక్రమణలో, పెట్రోలు దొరక్క ఫ్రాన్సు అంతటా సైకిల్ ట్రెయిలర్లు ఊరూరా కనిపించేవి. రెండు చక్రాలవీ, ఒంటి చక్రానివీ. సెలవులో గుడారం మోసిన పద్ధతే కరువులో బంగాళాదుంపలు మోసింది.

జీతంతో సెలవు అనేది లేకపోతే ఒంటిచక్రపు టూరింగ్ ట్రెయిలర్ అనేది లేదు. నా ట్రెయిలర్ కూడా నాలుగు రోజుల లీవ్ అప్రూవ్ అయ్యాకే కదిలింది. టీకొట్టు అతనికి నా "ఊరికే" ఎందుకు అర్థం కాలేదో ఇక్కడ తెలుస్తుంది. అతనికి అర్థం కాకపోవడం కాదు అది. అతని రోజుల్లో దానికి చోటు లేదు.

*

ఒంటి చక్రం మీద బరువు పెట్టడం మాత్రం కాలిఫోర్నియా వాళ్ళో ఫ్రాన్సు వాళ్ళో కనిపెట్టింది కాదు. చైనాలో సిచువాన్ ప్రాంతపు హాన్ కాలం నాటి సమాధుల మీద ఒంటిచక్రపు తోపుడుబండ్ల బొమ్మలు ఉన్నాయి. అంటే దాదాపు పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. మూడో శతాబ్దంలో జుగే లియాంగ్ అనే సేనాని కొండదారుల్లో సైన్యానికి ధాన్యం చేరవేయడానికి 'కొయ్య ఎద్దు' అనే సాధనం వాడాడని చైనా చరిత్రలు చెబుతాయి. అది ఒంటిచక్రపు బండే అయివుంటుందని జోసెఫ్ నీధమ్ లాంటి పండితులు అనుకున్నారు. చూడండి, అక్కడా పశువు పేరే.

చైనా బండికీ యూరప్ బండికీ ఒక తేడా ఉంది. యూరప్ తోపుడుబండిలో చక్రం ముందుంటుంది, బరువు మధ్యలో, మనిషి వెనక. సగం బరువు చేతులమీదే పడుతుంది. చైనా బండిలో పెద్ద చక్రం మధ్యలో ఉంటుంది, దానికి రెండు పక్కలా సరుకు. దాదాపు బరువంతా చక్రమే మోస్తుంది, మనిషి పడిపోకుండా చూసుకుంటూ తోస్తే చాలు. పోలండ్‌లో ఇప్పుడు తయారయ్యే ఎక్స్‌ట్రావీల్ అనే టూరింగ్ ట్రెయిలర్ ఇంచుమించు ఇదే పద్ధతి: మధ్యలో ఒక పెద్ద చక్రం, రెండు పక్కలా రెండు సంచులు. దాని ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు చైనా గుర్తు రాలేదు, కావడి గుర్తొచ్చింది. కావడికి భుజం తీసేసి చక్రం పెడితే అదే!

కావడి మనకుంది. చక్రం మనకుంది. అడుగు వెడల్పు కాలిబాటలు, చేల గట్లు కావలసినన్ని ఉన్నాయి. మరి ఈ రెండూ ఎందుకు కలవలేదు? అనంతపురం ఎండలో ఈ ప్రశ్న వేసుకుంటే, ఇక్కడ ఒంటిచక్రపు బండి ఉన్నది ఒక్క సూర్యుడికేనని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆయన రథానికి చక్రం ఒకటేనంటారుగా.

వలసకాలపు ఇంజనీర్ల కబుర్లలో దీనికి ఒక సమాధానం జోకుగా తిరిగేది. రైలు కట్టల పనికి కూలీలకి ఒంటిచక్రపు తోపుడుబండ్లు ఇస్తే, వాళ్ళు మట్టి నింపిన బండిని ఎత్తి నెత్తిన పెట్టుకుని నడిచారట. నవ్వు రావడానికి చెప్పిన కథ. నేను కూడా కాలేజీలో ఇది విని నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ జోకు ఒక లెక్కని దాచిపెడుతోంది. మట్టి పనికి కూలి తవ్విన ఘనపరిమాణం మీద ఇచ్చేవారు. కుటుంబం మొత్తం పనిలో ఉండేది: మగాడు తవ్వేవాడు, ఆడమనిషీ పిల్లలూ గంపల్లో మోసేవారు. గంప వెదురుది, చవక, సొంతది. తోపుడుబండి నడవాలంటే కింద పలకలు పరవాలి, ఇరుసు అరిగితే బాగుచేయించాలి, మొదట దాన్ని ఎవరో కొనాలి. ఇంత చేసి అది ఆదా చేసేది ఏమిటి? మోసేవాళ్ళ శ్రమ. ఆ శ్రమ పనిస్థలంలో అన్నిటికన్నా చవకైనది. చవకైనదాన్ని ఆదా చేయడానికి ఏ కాంట్రాక్టరు డబ్బు పెడతాడు?

కూలీలకి చక్రం తెలియక కాదు. చక్రం తెచ్చేంత ఖరీదు ఆ తలలకి ఎవరూ కట్టలేదు.

*

మూడో రోజు గుత్తి చేరాను. కోట కొండ దూరం నుంచే కనిపిస్తుంది. నేను చూడాలనుకున్నది మాత్రం కోట కాదు, రైల్వే స్టేషను.

మద్రాసు నుంచి రాయచూరు వెళ్ళే రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు ఆ దారిలోవే. ఐదేళ్ళ తర్వాత 1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి మనవాళ్ళు ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, బళ్ళారి జిల్లాలో భాగం. జిల్లాగా విడిపోయింది 1882లో. ఆ కరువు తర్వాత 1881లో జనాభా లెక్కలు తీస్తే, 1871తో పోల్చినప్పుడు ఈ ప్రాంతంలో దాదాపు ఐదో వంతు మనుషులు తగ్గారు. ఊరికి ఐదిళ్ళలో ఒక ఇల్లు అనుకోండి.

ఈ కరువులో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. ధాన్యం వచ్చింది. మద్రాసు రేవులో బస్తాలు గుట్టలుగా పడ్డాయి. రైలు వాటిని లోపలి స్టేషన్ల దాకా తెచ్చింది. అక్కడినుంచి ఊళ్ళకి? గుత్తి నుంచి అనంతపురం యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిలో అప్పటికి రైలు లేదు. గుంతకల్లు నుంచి అనంతపురం, హిందూపురం మీదుగా బెంగళూరు పోయే లైను వచ్చింది 1890లలో, కరువు తర్వాత. కాబట్టి ఎద్దుబండ్లే గతి. కానీ గడ్డి లేక, నీళ్ళు లేక మనుషులకన్నా ముందే ఎద్దులు చచ్చిపోయాయి. మిగిలినవాటికి అడుగులు వేసే బలం లేదు. అంతకు ముందు తరాల్లో లంబాడీలు వందల ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ ఈ పీఠభూమి అంతటా తిప్పేవారు. ఆ వ్యాపారాన్ని రోడ్లు కొంత, రైళ్ళు కొంత అప్పటికే దెబ్బతీశాయి. పాత పద్ధతి పోయింది, కొత్త పద్ధతి స్టేషను దగ్గర ఆగిపోయింది. మధ్యలో యాభై కిలోమీటర్లు.

ఆఫీసులో మేము 'లాస్ట్ మైల్' అనే మాట రోజుకి పదిసార్లు వాడతాం. గోడౌన్ నుంచి ఇంటి గుమ్మం దాకా సరుకు చేరే ఆ చివరి దూరం గురించి స్లైడ్లు చేస్తాం. గుత్తి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ మాట మనసులో అనుకుంటే నోరు చేదయింది.

చివరి దూరమే మొత్తం కథ అనను. ధాన్యం ఉన్నా కొనే డబ్బు లేకపోవడం అసలు సంగతి. రైలు సరుకుని తెచ్చినట్టే తీసుకుపోగలదు కూడా, ఎక్కడ ధర ఎక్కువుంటే అటు. మైక్ డేవిస్ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ వాదాన్ని గట్టిగా వినిపించాడు. అయినా, చివరి దూరానికి ఎవరూ బాధ్యులు కాకపోవడం అనేది ఆ కరువులో ఒక భాగమే.

ఆ దూరాన్ని ధాన్యం దాటలేకపోతే మనుషులు దాటారు. సహాయ పనుల దగ్గరికి నడిచారు. రోడ్లు వేయడం, చెరువులు పూడిక తీయడం, కంకర కొట్టడం. కూలి ఎంతివ్వాలనే దాని మీద పెద్ద గొడవ. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం విలువ, దానిమీద కొద్ది చిల్లర చాలన్నాడు. ఒక పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని వాదించాడు. కొన్ని నెలలకి కూలి కొంత పెంచారు. ఇద్దరు అధికారుల మధ్య జరిగిన ఈ వాదం నిజానికి ఒక యంత్రం గురించిన వాదం. గంపెడు మట్టిని ఇంత దూరం మోయడానికి ఎంత ఇంధనం కావాలి? యంత్రం పేరు మనిషి.

*

గుత్తి నుంచి వెనక్కి వస్తుంటే ట్రెయిలర్ చక్రం పంచరైంది. చూస్తే కంపముల్లు. సర్కారు తుమ్మ అని కూడా అంటారు. అనంతపురం జిల్లాలో రోడ్డు పక్కన, చెరువుల్లో, బీళ్ళలో ఎక్కడ చూసినా అదే పచ్చదనం. ఈ చెట్టు మనది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1877లో, ధాత కరువు నడుస్తుండగానే, మద్రాసు అటవీశాఖ విత్తనాలు తెప్పించి కడప ప్రాంతంలో వేయించింది. నీళ్ళు లేని నేలలో వంటచెరుకు దొరుకుతుందని. ఆ మాట నిలబెట్టుకుంది చెట్టు, వంటచెరుకూ బొగ్గులూ ఇప్పటికీ ఇస్తోంది. రైతులు తిట్టుకుంటూనే కొట్టుకుంటారు. నా చక్రంలో దిగిన ముల్లు ఆ కరువు వంశంలోదేనని తెలిసి, పీకి పారేయకుండా జేబులో వేసుకున్నాను.

దగ్గర్లో పంచర్ షాపు దొరికింది. ట్యూబు అప్పటికే రెండు ప్యాచీల మీద ఉంది, ఇంక పనికిరాదన్నాడు. పదహారంగుళాల ట్యూబు ఇక్కడెక్కడ దొరుకుతుందని నేను బెంగపడుతుంటే, అతను లోపలికి వెళ్ళి పిల్లల సైకిల్ ట్యూబు తెచ్చి పడేశాడు. వాల్వు వేరే రకం. రిమ్ములో కన్నం పెద్దదిగా ఉందని చిన్న వాషరు వేసి బిగించాడు. పది నిమిషాల పని. గాలి కొడుతూ అడిగాడు: "ఏం అమ్ముతాండావన్నా?"

*

సైకిల్ మన దగ్గరికి ముందు దొరల వాహనంగా, తర్వాత గుమాస్తాల వాహనంగా వచ్చింది. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో రాసిన 'ఎవ్రీడే టెక్నాలజీ' అనే పుస్తకంలో కుట్టుమిషను, టైపురైటరు, రైస్ మిల్లుతో పాటు సైకిల్ కూడా ఎలా మన బతుకుల్లోకి వచ్చిందో వివరంగా చెప్పాడు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాక సైకిల్ పల్లెల దాకా దిగింది. నల్ల రంగు, ఇనప కడ్డీల బ్రేకులు, వెనక గట్టి క్యారియర్. చూడగానే తెలుస్తుంది, మనిషి కోసం ఎంత చేశారో బరువు కోసం అంత చేశారని. 1954లో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి సైకిళ్ళ మీద రెండు వందల కిలోలకు పైగా బియ్యం కట్టి, ఎక్కి తొక్కకుండా పక్కన నడుస్తూ అడవుల్లోంచి తోసుకుపోయారు. ఆ ఫొటోలు చూస్తే ప్రపంచం ఆశ్చర్యపోతుంది కానీ మన ఊళ్ళో పెరిగినవాడు ఆశ్చర్యపోడు. శెనక్కాయ మూటలు, గడ్డి మోపులు, పాలక్యాన్లు, అల్యూమినియం గిన్నెలు అలాగే కదా పోయేవి.

మా తాతకి ఒక పాత హెర్క్యులస్ ఉండేది. సెకండ్ హ్యాండ్. అది రాకముందు ఇంటికి నీళ్ళు మా అవ్వ తెచ్చేది. ఊరి బయట బావి ఎండిపోతే అవతల తోట దాకా, అదీ ఎండితే ఇంకా అవతలికి. నెత్తిన తలచుట్ట మీద ఒక కడవ, చంకలో ఒక బిందె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట, అది కూడా రావలసినప్పుడు రాని చోట, ఎండాకాలంలో ఆ దూరం ఏటేటా పెరుగుతూ పోయేది. సైకిల్ వచ్చాక క్యారియర్‌కి రెండు పక్కలా, పాత ట్యూబు తాళ్ళతో నాలుగు బిందెలు కట్టుకుని తాత తేవడం మొదలుపెట్టాడు. మా అమ్మ చెప్పిన ఒక మాట నాకు బాగా గుర్తు. సైకిల్ వచ్చాక నీళ్ళు మగవాళ్ళ పని అయ్యాయి, సైకిల్ పంచరైనప్పుడు మళ్ళీ ఆడవాళ్ళ పని అయ్యేవి.

అవ్వకి సైకిల్ ఎవరూ నేర్పలేదు. నేర్పాలని ఎవరికీ తోచలేదు.

*

నాలుగో రోజు అవ్వ ఊరికి వెళ్ళే దారిలో బండ్లపల్లిలో ఆగాను. నార్పల మండలంలోని ఈ ఊళ్ళోనే 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 1877లో పని అనేది దయ. కరువు వస్తే, సర్కారుకి ఇష్టమైతే, ఇష్టమైనంత కూలికి. 2005 చట్టం దాన్ని హక్కు చేసింది. ఈ రెంటి మధ్యా ఉన్న దూరాన్ని తక్కువ చేసి చూడకూడదు.

పనిముట్లు మాత్రం పెద్దగా మారలేదు. గడ్డపార, పార, గంప. ఇక్కడ యంత్రాలు వద్దనడానికి మంచి కారణమే ఉంది. జేసీబీ వస్తే కూలి పోతుంది. కానీ జేసీబీకీ నెత్తి మీద గంపకీ మధ్య ఇంకేమీ లేదా? ఒంటిచక్రపు తోపుడుబండి ఎవరి పనీ తీసేయదు, మెడ నొప్పిని మాత్రం తీసేస్తుంది.

మట్టి పనికి కూలి కట్టేటప్పుడు ఇంజనీర్లు వాడే రెండు మాటలున్నాయి: లీడ్, లిఫ్ట్. తవ్విన మట్టిని ఎంత దూరం మోశారన్నది లీడ్, ఎంత ఎత్తుకి ఎత్తారన్నది లిఫ్ట్. దూరం పెరిగితే, ఎత్తు పెరిగితే రేటు పెరగాలి. ఎంత న్యాయమైన ఆలోచన! మోసేవాళ్ళ శరీరాన్ని ఒక లెక్కగా కాగితం మీదికి తెచ్చిన మాటలు ఇవి. అవి చదివినప్పుడు నాకు తోచింది, మా అవ్వ మోసిన నీళ్ళకి లీడ్ ఎంత? నలభై ఏళ్ళు, రోజుకి ఇన్ని సార్లు, ఎండాకాలం ఇంత దూరం. ఏ రికార్డులోనూ ఆ కొలత లేదు. కొలత లేని దూరానికి రేటు లేదు. రేటు లేని దూరాన్ని తగ్గించాలని ఎవరికీ తొందర లేదు. రైలు గుత్తిలో ఎందుకు ఆగిందో, రైలుకట్ట మీదికి తోపుడుబండి ఎందుకు రాలేదో, మా ఇంట్లో సైకిల్ ఎవరికి నేర్పలేదో, ఈ మూడింటికీ నాకు తెలిసిన సమాధానం ఇదొక్కటే. చక్రం డబ్బు ఉన్నంత దూరం వస్తుంది. ఆ తర్వాత మెడ మొదలవుతుంది.

*

అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి సంతోషించింది, బండిని చూసి కోప్పడింది.

"నీ బరువు నువ్వే ఈడ్చుకుంటా బెంగుళూరు నుంచి వచ్చినావా? బస్సుకు దుడ్లు లేవా ఏందిరా నీకి?"

ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో నీళ్ళ బాధ మునుపటంత లేదు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్ళకి నీళ్ళు తెచ్చింది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళూ ఎముకలూ పాడైన ఊళ్ళు చాలా ఉండేవి ఇక్కడ. ఇప్పుడు క్యాన్లు మోటారు సైకిళ్ళ మీద వస్తాయి, వీధి చివర కొళాయి ఉంది. ఆ వీధి చివరి నుంచి వంటింటి దాకా మాత్రం ఇప్పటికీ బిందె చంకనే వస్తుంది.

సాయంత్రం నీళ్ళొచ్చే వేళకి అవ్వే అడిగింది, దాంట్లో బిందె పెట్టొచ్చా అని. సామాను దించేసి రెండు బిందెలు పెట్టాను. ఒక్కోటి పదిహేను లీటర్లు, మొత్తం 32 కిలోల లెక్కకి సరిపోతుంది. మెల్లగా తొక్కుకుంటూ వచ్చాను. ఇంటికి చేరేసరికి బిందెలు తలా కాస్త ఒలికి, బండి అడుగంతా తడిసింది. అవ్వ నవ్వింది. "నెత్తిన పెట్టుకుంటే సుక్క పోదు" అంది. నిజమే. మనిషి మెడని మించిన కీలు నా వెల్డింగ్ షాపులో లేదు.

రెండోసారి బిందెల మీద మూతలు పెట్టాం. అప్పుడు అవ్వ ఇంకోటి అడిగింది. "సైకిలు లేకుండా ఇది రాదా?"

నాలుగు రోజులుగా ఆ బండిని చూస్తున్న నాకు ఆ ప్రశ్న రాలేదు. ఇరుసు దగ్గర పిన్నులు తీసి ట్రెయిలర్‌ని విడదీశాను. ముందున్న ఇనప చేతులు రెండూ అవ్వ చేతికిచ్చాను. నడుము కొంచెం వంగినా సరిగ్గా ఆవిడ ఎత్తుకే ఉన్నాయి. ఒక బిందె పెట్టాం. మొదటి రెండడుగులు పక్కకి ఒరిగింది, నేను పట్టుకోబోయాను, వద్దంది. తర్వాత నిలదొక్కుకుంది. కొళాయి దగ్గరి నుంచి గడప దాకా లాక్కొచ్చింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి చూశారు.

గడప దగ్గర బండి ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, చక్రం వైపు కాసేపు చూసింది.

"దీన్ని ఎప్పుడు కనిపెట్టినార్రా?" అంది.

సిచువాన్ సమాధుల మీది బొమ్మలు నా ఫోన్లో ఉన్నాయి. చూపించొచ్చు.

"ఈ మధ్యనే అవ్వా" అన్నాను.